రెండు వారాల మర్యాద

అమెరికాలోని మా ఒహాయోలో నేను అనుభవిస్తున్న స్వేచ్ఛ మహారాజులకైనా ఉండేది కాదు! కుక్క బిస్కెట్ల ఫ్యాక్టరీలో చేరిన రోజే ఒక కాగితం మీద సంతకం పెట్టాను. కంపెనీ నన్ను ఏ క్షణానైనా, ఏ కారణానికైనా, అసలు కారణమే లేకపోయినా పంపించెయ్యవచ్చు. నేనూ ఏ క్షణానైనా కంపెనీని వదిలెయ్యవచ్చు. పిల్లికీ ఎలుకకూ ఒకే చట్టం. ఇంతకన్నా సమానత్వం ఎక్కడైనా ఉందా?

గ్లెన్‌ను నవ్వు బాగాలేదని పంపేశారు. లోయిస్‌ను సూపర్‌వైజర్ కారు నిలిపే చోట తన కారు పెట్టిందని పంపేశారు. ఇంకొకాయనకు కారణమే చెప్పలేదు. పాపం, ఆయన మనసు నొచ్చుకుంటుందని!

ఇక ప్యాకింగ్‌లో పంతొమ్మిదేళ్లు చేసిన వెర్నా సంగతి. ఆమెకు బడి వంటశాలలో పని దొరికింది. మానేసేవాళ్లు రెండు వారాల ముందు చెప్పాలని చట్టంలో లేదు, మా మర్యాదలో ఉంది. వెర్నా మర్యాదస్తురాలు. పైగా వచ్చే గురువారం భర్త ఆర్విల్ మోకాలికి ఆపరేషన్. మా దగ్గర ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పుట్టి, ఉద్యోగంతోనే పోతుంది. ఈ రెండు వారాల్లో ఆపరేషన్ కూడా అయిపోతుందని లెక్క వేసుకుని, రాజీనామా ఉత్తరంతో పాటు అందరికీ పీచ్ కేకు కూడా తెచ్చింది.

సూపర్‌వైజర్ ర్యాండీ ముందు కేకు తిన్నాడు. తర్వాత ఉత్తరం చదివాడు.

"మీరు మా కుటుంబంలో మనిషి, వెర్నా. ఇక రేపట్నుంచి రానక్కర్లేదు."

"అదేంటి ర్యాండీ! గురువారం దాకానైనా ఉండనివ్వు. ఆర్విల్ కాలు సంగతి నీకు తెలుసుగా?"

"కాగితంలో ఉందిగా, ఏ క్షణానైనా అని."

"మరి నేను రెండు వారాల ముందు చెప్పడం దేనికి?"

"అది మర్యాద!" అన్నాడు ర్యాండీ, మూతికంటిన క్రీము తుడుచుకుంటూ.

సాయంత్రానికి బీమా పోయింది. ఆర్విల్ ఇంకా కర్ర పట్టుకునే నడుస్తున్నాడు. ఆ కేకు నేనూ రెండు ముక్కలు తిన్నాను. నోరు మాత్రం విప్పలేదు, సిగ్గుగానే ఉంది.

ఇంతకీ నాకూ వేరే చోట మంచి పని దొరికింది. వాళ్లు రమ్మన్న ఉత్తరం నెల రోజులుగా జేబులోనే ఉంది. స్వేచ్ఛాజీవిని, ఈ క్షణమే వెళ్లిపోవచ్చు! కానీ మా ఆవిడకు నెలలు నిండుతున్నాయి. కొత్త చోట బీమా వెంటనే రాదు, ఆసుపత్రి ఖర్చంతా ఈ బీమా మీదే. అందుకే కారు అరమైలు దూరంలో పెట్టి నడిచొస్తున్నాను. రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి నవ్వు సాధన చేస్తున్నాను.

కాస్త చూసి చెప్పండి, బాగానే ఉందంటారా?