కోచ్ గారు పొద్దున్నే పోయారు

ఆ జనవరి ఉదయం ఆల్సీడ్ ఫాంటెనో వేసుకున్న పథకంలో కష్టమైనదేమీ లేదు. చెరకు తోటల మధ్యనున్న మారే నోయిర్ ఊరికి కారులో వెళ్ళాలి. ఓడీల్ అమ్మగారి వంటింట్లో కూర్చుని ఆవిడ పెట్టింది తినాలి. మనవడు క్లోవిస్‌ను బెల్రోజ్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు పంపుతానని ఆవిడ చేత అనిపించాలి. మధ్యాహ్నం సాధన వేళకు తిరిగి వచ్చేయాలి.

బెల్రోజ్‌లో ఆయన సహాయ కోచ్. మైదానంలో శిక్షణ ఇవ్వడం సగం పనైతే, ఊళ్ళు పట్టుకు తిరిగి దిట్టమైన కుర్రాళ్ళను తేవడం మిగతా సగం. క్లోవిస్ అలాంటిలాంటి దిట్ట కాడు. వాడు ఎదురుగా నిలబడితే అవతలి జట్టుకు గోల్‌పోస్టులు కనపడవు. వాడి కోసం పక్క రాష్ట్రపు పెద్ద యూనివర్సిటీ తరఫున ప్రెంటిస్ మాడాక్స్ అనేవాడూ తిరుగుతున్నాడు. ఆ ఏడు ఇద్దరికీ కుర్రాళ్ళు దొరకలేదు. ఇద్దరి కుర్చీల కిందా నిప్పు రాజుకుంటూనే ఉంది.

"క్లోవిస్ లేకుండా వస్తే, నువ్వు కూడా రానక్కర్లేదు" అని పెద్ద కోచ్ స్టకీ ముందురోజే చెప్పాడు.

దారంతా మంచు. కోత అయిన చేలల్లో చెరకు ఆకు తగలబెట్టిన పొగ ఆ మంచులో కలిసి, లోకం మీద బూడిద రంగు దుప్పటి కప్పినట్టుంది. వంతెన దగ్గర మలుపు ఎటు తిరిగిందో ఆల్సీడ్‌కు తెలియలేదు. కారు మెత్తగా జారి కాలవగట్టు కిందికి దిగిపోయింది. నుదురు స్టీరింగుకు కొట్టుకుంది. ఆ తరువాత ఒక్క చప్పుడు లేదు. కప్పలు కూడా అరవలేదు.

రోడ్డు మీదికెక్కి నిలబడేసరికి ట్రాక్టరొకటి వచ్చింది. ఆయన రెండు చేతులూ ఊపాడు. డ్రైవరు నేరుగా ఆయన వైపే చూశాడు. చూస్తూనే, అక్కడ ఏమీ లేనట్టు సాగిపోయాడు.

నడిచి నడిచి కూడలిలోని కొట్టు చేరాడు. కొట్టు యజమాని తియోఫిల్ పాత స్నేహితుడే. శరత్కాలమంతా ఆయనకు కాఫీ పోసి కబుర్లు చెప్పినవాడు. ఇవాళ మాత్రం ఆల్సీడ్ గుమ్మంలో కనపడగానే చేతిలో కాఫీ కూజా వదిలేశాడు. కరచాలనానికి చెయ్యి చాపితే గోడకు కరుచుకుపోయాడు.

"ఎవరి కోసం వచ్చారు కోచ్?" అన్నాడు.

"ఇంకెవరి కోసం? క్లోవిస్ కోసమే."

"తీసుకెళ్ళడానికా?"

"మరి చూసిపోవడానికా? ఇవాళ వాణ్ణి తీసుకుపోకుండా కదిలేది లేదు."

తియోఫిల్ గుండెల మీద సిలువ గుర్తు వేసుకున్నాడు. "చిన్నవాడండీ" అన్నాడు.

"చిన్నప్పుడే తీసుకెళ్ళాలి. ముదిరాక దేనికీ పనికిరారు" అని ఆల్సీడ్ బయటికి నడిచాడు. వెనక తియోఫిల్ ఫోను తిప్పుతున్న గరగర వినిపించింది.

ఓడీల్ అమ్మగారి ఇంటికి కిటికీలన్నీ మూసి ఉన్నాయి. గడప మీద ఇటుకపొడి ఎర్రగా, అడ్డంగా పోసి ఉంది. జాలీ తలుపులోంచి చూస్తే గోడ మీద అద్దానికి దుప్పటి కప్పి కనపడింది. లోపల ఆడవాళ్ళు నెమ్మదిగా జపమాల తిప్పుతున్నారు. అరుగు మెట్టు మీద ఒక పళ్ళెంలో అన్నం, పంది సాసేజీ, పక్కన కాఫీ. ఎవరో అతిథికి పెట్టినట్టే ఉంది గాని, కుర్చీ లేదు.

"ఓడీల్ అమ్మగారూ, నేనండీ ఆల్సీడ్‌ని."

జపం ఆగింది. జాలీకి అవతల ముసలావిడ ముఖం సగం కనపడింది.

"తెలుసు నాయనా. ఆ ఎర్రగీత దాటొద్దు. నీకు మేమేం అపకారం చేశాం?"

ప్రెంటిస్ ముందే వచ్చి ఏవో నూరిపోశాడనుకున్నాడు ఆల్సీడ్. అందుకే గొంతు బాగా తగ్గించాడు. "అపకారమేముందమ్మా. పిల్లవాణ్ణి నాతో పంపండి. అక్కడ వాడికి ఏ లోటూ ఉండదు."

"అక్కడ ఎలా ఉంటుంది?"

"ప్రశాంతంగా ఉంటుంది. పచ్చటి గడ్డి. వేళకు తిండి. వచ్చినవాళ్ళెవరూ ఇంటికి పోతామని అడగలేదు."

లోపల ఎవరో వెక్కారు.

"మరి పెద్దాయన?" అంది ఓడీల్. "ఆయన ఎలాంటివాడు?"

ఆల్సీడ్‌కు స్టకీ ముఖం గుర్తుకొచ్చింది. అబద్ధం చెప్పాలనిపించలేదు. "కోపిష్టి అమ్మా. మహా కోపిష్టి. మెచ్చుకోవడం ఆయనకు తెలియదు. కానీ న్యాయం తప్పడు. నిజంగా కష్టపడ్డవాణ్ణి ఎన్నడూ వదులుకోలేదు."

ఓడీల్ కళ్ళు మూసుకుంది. లోపల ప్రార్థన మళ్ళీ మొదలైంది. ఈసారి మాటలు స్పష్టంగా వినిపించాయి. "ఈ ఉదయం నీ దగ్గరికి వచ్చిన ఆల్సీడ్ ఫాంటెనో ఆత్మకు శాంతినివ్వు ప్రభూ."

ఆయన ఒళ్ళు చల్లబడింది. మెత్తగా జారిన కారు, ఆ నిశ్శబ్దం, తనను చూసీ చూడని ట్రాక్టరువాడు, చెయ్యి ముట్టని తియోఫిల్ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. మణికట్టు మీద వేలు పెట్టి నాడి వెతికాడు. చలికి బిగుసుకుపోయిన వేళ్ళకు ఏదీ తగల్లేదు. పొద్దున భార్య క్లోటిల్డ్‌తో వెళ్ళొస్తానని చెప్పాడో లేదో గుర్తు రాలేదు. కాఫీ చల్లగా ఉందని సణిగినట్టు మాత్రం బాగా గుర్తుంది. ఉద్యోగం సంగతి ఒక్కసారిగా ఎంతో దూరమైపోయింది. ఊళ్ళోని తల్లులందరికీ మీ వాడిని నేను చూసుకుంటానని మాటిస్తూ తిరిగి, ఇంట్లో మనిషికి చివరగా ఇచ్చింది ఆ సణుగుడు.

"అమ్మా," అన్నాడు మెట్టు మీద కూలబడి, "నేను ఎప్పుడు పోయాను?"

"పొద్దున్నే నాయనా. ఎవరూ చెప్పలేదా?"

చెప్పేవాళ్ళు ఎవరూ కనపడలేదు. చేసేదేముంది? ఎదురుగా పళ్ళెం ఉంది. పోయినవాడికైనా ఆకలి పోలేదు. ఆల్సీడ్ ఏడుస్తూనే తినడం మొదలుపెట్టాడు. ఒక్క మెతుకు మిగల్చకుండా తిని, "అమ్మా, ఉప్పు కషాయంలా ఉంది. కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా?" అన్నాడు.

జపమాలలు నిలిచిపోయాయి. తలుపు తోసుకుని ఓడీల్ బయటికొచ్చింది. ఖాళీ పళ్ళెం చూసింది. వంగి ఆయన చెవి పట్టుకుని గట్టిగా మెలిపెట్టింది.

"అబ్బా" అన్నాడు ఆల్సీడ్.

"చారెడు ఉప్పు పోశాను అందులో. ప్రేతం ఉప్పు ముట్టదు" అంది ఆవిడ లోపలివాళ్ళతో. "బతికే ఉన్నాడు. క్లోవిస్, మంచం కిందనుంచి రా."

క్లోవిస్ మంచంతో సహా లేచాడు.

మంచినీళ్ళు తాగాక సంగతి తేలింది. మంచు పట్టింది, రేపు రమ్మని చెప్పడానికి ఓడీల్ పొద్దున్నే కాలేజీకి ఫోన్ చేసింది. జలుబుతో ముక్కు చీదుకుంటున్న గుమాస్తా వెర్లీన్ ఎత్తింది.

"కోచ్ పోయారమ్మా అని ఏడ్చింది" అంది ఓడీల్. "ఎలా తల్లీ అన్నాను. ఎప్పుడూ పోయేలాగే, కారులో అంది. బాధపడ్డాడా అంటే, పొద్దున్నే లేవాలంటే బాధేగా అంది. ఎంత రాతిగుండె పిల్ల అనుకుని తియోఫిల్‌కు కబురు చేశాను. వాడు కొట్టుకొచ్చిన ట్రాక్టరువాళ్ళ దాకా అందరికీ చెప్పాడు. ఇందాక వాడు ఫోన్ చేసి, కోచ్ పిల్లవాడి కోసం నడిచొస్తున్నాడన్నాడు."

ఆల్సీడ్ తల పట్టుకున్నాడు.

"ఎంతమంది కోచ్‌లు వచ్చారో ఈ అరుగు మీదికి" అంది ఓడీల్. "అందరూ స్వర్గమే చూపించారు. నువ్వు చచ్చాక కూడా నిజమే చెప్పావు. పిల్లవాణ్ణి నీ చేతిలో పెడుతున్నాను. కాలేజీకి కాదు, నీకు."

ముందు ఇంటికి ఫోన్ చేశాడు. "పోయావట కదా. స్టకీ చెప్పాడు" అంది క్లోటిల్డ్, ముక్కు ఎగబీలుస్తూ. "కాఫీ కప్పు తీయకుండా పోయినవాడివి, నీకప్పుడే చావేమిటని నేను నమ్మలేదులే."

"కాఫీ బాగుంది క్లో" అన్నాడు. అవతల ఆవిడ ఈసారి నిజంగానే ఏడ్చింది.

తరువాత స్టకీకి చేశాడు. గొంతు వినగానే అటువైపు ఆయన ఫోను జారవిడిచి మళ్ళీ పట్టుకున్నాడు.

"కొట్టునుంచి ప్రెంటిస్ మాడాక్స్ ఫోన్ చేసి చెప్పాడయ్యా" అన్నాడు. "నేనూ వెర్లీన్‌ని అడిగాను. పోయారనే చెప్పింది. మైదానంలో అందరం నిలబడి మౌనం పాటించాం."

"అదంతా పొరపాటండీ. క్లోవిస్ నాతో వస్తానన్నాడు."

"శభాష్. కాకపోతే ఆల్సీడ్, నీ స్థానం ప్రెంటిస్‌కు ఇచ్చేశాను. సంతాపం చెప్పాక, వాడే అడిగాడు. మాటిచ్చాక వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు. క్లోవిస్‌ని మాత్రం పంపించెయ్."

ఆల్సీడ్ ఫోన్ పెట్టేసి గోడకేసి తిరిగాడు. చావు కబురు విని అద్దం మీద కప్పిన దుప్పటిని ఓడీల్ తీసేస్తోంది. నుదుటి మీద బొప్పితో తన ముఖం తనకు కనపడింది. మళ్ళీ ఫోన్ ఎత్తి, ప్రెంటిస్ ఖాళీ చేసిన పెద్ద యూనివర్సిటీకి కలపమన్నాడు.

వాళ్ళకు మనిషి కావాలి, కుర్రాడు కావాలి. రెండూ ఒకే ఫోనులో దొరికాయి.

ఆల్సీడ్ పోయినందుకు బెల్రోజ్ కాలేజీ పాటించిన మౌనం, ఆయన విషయంలో ఇప్పటికీ కొనసాగుతూనే ఉంది.