ఫ్యామిలీ ఫోటోకి ఫ్యామిలీ ఎందుకండీ?

ఫ్యామిలీ ఫోటోకి అతిపెద్ద అడ్డంకి ఫ్యామిలీయే! ఈ మాట నేను తమాషాకి అనడం లేదు. మూడు నెలల కోర్సు చేసి, సర్టిఫికెట్ పుచ్చుకుని, పూర్తి బాధ్యతతో అంటున్నాను.

మీరే చెప్పండి. ఇంటిల్లిపాదినీ ఒకచోట నిలబెట్టి ఫోటో తీయించడం మానవమాత్రుడికి సాధ్యమా? ఒకరు తల దువ్వుకుంటూ ఉంటారు. ఇంకొకరు బాత్‌రూమ్‌లోంచి బయటికి రారు. బావగారు తనని ముందు వరసలో కూర్చోబెట్టలేదని అలిగి మేడెక్కుతారు. ఆయన్ని బతిమాలి దించేసరికి ఫోటోగ్రాఫర్‌కి ఇంకో పెళ్లి టైమవుతుంది. తీరా ప్రింటు చేతికొస్తే సగంమంది కళ్లు మూసుకుని ఉంటారు!

ఈ బాధలన్నిటికీ మన సైబరాబాద్‌లో మందు దొరికింది. అదే ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్.

మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలకని ఆ గుండ్రటి గాజు మేడ లేచిన దగ్గర్నుంచీ మా మియాపూర్ అపార్ట్‌మెంట్లో కంప్యూటర్ నేర్చుకోనివాడు మనిషే కాదు. లిఫ్టులో ఎదురైన ప్రతివాడూ "మీరే కోర్సండీ?" అని అడుగుతుంటే, ఇరిగేషన్ ఆఫీసులో సూపరింటెండెంట్ అయిన ఈ విశ్వేశ్వరరావుకి పరువుండొద్దా? జావా, ఒరాకిల్ లాంటివి నా వయసుకి కొరుకుడు పడవన్నారు. అందుకని కూకట్‌పల్లిలో ఒక ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లి ఫోటో ఎడిటింగ్‌లో చేరాను.

ఏసీ గది బయట చెప్పులు విప్పాలి. గోనెపట్టా మీద కాళ్లు తుడుచుకోవాలి. అప్పుడుగానీ కంప్యూటర్ దర్శనం కాదు. నాకు పాఠం చెప్పే అమ్మాయి పేరు జ్యోత్స్న. నిజాంపేట పిల్ల, నిండా ఇరవై రెండేళ్లుండవు. నేను మౌస్ పట్టుకున్న తీరు చూసి మొదటిరోజే అంది, "సార్, గట్ల గొంతు పిసికినట్టు పట్టుకోవద్దు. జర మెల్లగ!"

నెల తిరిగేసరికి నేను మెల్లగా పట్టుకోవడమే కాదు, జనాన్ని మెల్లగా ఎత్తి పక్కన పెట్టడం కూడా నేర్చేసుకున్నాను. మా ఆఫీసులో ఆంజనేయులు తన బావమరిదిని ఫోటోలోంచి తీసేయమన్నాడు. తీసేశాను. భుజం మీద వేసిన చెయ్యి మాత్రం మిగిలిపోయింది. ఎవరిదో తెలియని ఆ చేతితోనే ఆంజనేయులు హాయిగా ఫ్రేము కట్టించుకున్నాడు. బావమరిదికంటే ఆ చెయ్యే నయమట!

మా పక్క ఫ్లాట్ నరేందర్ సంగతి ఇంకా గొప్పది. వాళ్ల చిన్నాయన, నరేందర్ పెళ్లికి తనని పిలిచిన తీరు బాగాలేదని అలిగి, పెళ్లికే రాలేదు. నేను ఆయన్ని వేరే ఫోటోలోంచి కత్తిరించి పెళ్లికొడుకు పక్కన నవ్వుతూ నిలబెట్టాను. ఆ తర్వాత ఒకరోజు ఆయన నరేందర్ ఇంటికొచ్చి గోడమీది ఫోటో చూసి తెల్లబోయాడు.

"ఏందిర ఇది? నేను రానే లేదు గద! మరి గింత మంచిగ నవ్వుతున్ననేంది?"

"వచ్చినవ్ చిన్నాయనా, నువ్వే మర్చిపోయినవ్" అన్నాడు నరేందర్.

సాక్ష్యం కళ్ల ముందు వేలాడుతుంటే మనిషి ఎంతకాలమని అలుగుతాడు? ఆ పూట అక్కడే భోంచేసి వెళ్లాడు. మూడేళ్ల అలక ఒక్క ప్రింటుతో తీరిపోయింది. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి పంచాయితీ చేయిస్తే ఇంత పని జరుగుతుందా?

ఇలా నా కీర్తి వెలిగిపోతున్న రోజుల్లో మా అమ్మాయి రసజ్ఞకి రాజమండ్రి సంబంధం వచ్చింది. మంచి సంబంధం. పెళ్లికొడుకు తల్లి వీరలక్ష్మిగారు ఫోన్ చేసి, "ముందు మీ ఫ్యామిలీ ఫోటో ఒకటి పంపండి అన్నయ్యగారూ. మా పెద్దవాళ్లు అందరినీ చూడాలంటున్నారు" అన్నారు. మధ్యవర్తి వాళ్లకి అమ్మాయి ఉద్యోగం గురించి తప్ప ఇంకేమీ చెప్పలేదట.

ఇంకొకడైతే స్టూడియోకి పరిగెత్తేవాడు. నాకా అవసరం ఏమిటి? రసజ్ఞని ఆఫీసు పిక్నిక్ ఫోటోలోంచి తీశాను. మా అబ్బాయి తేజని పరీక్ష ఫారానికి తీయించిన ఫోటోలోంచి లాగాను. నన్ను నేను మా డిపార్ట్‌మెంట్ సన్మానసభలోంచి తెచ్చుకుని, దండ తీసేసి, పొట్ట కొంచెం తగ్గించాను. ఇక మా ఆవిడ బాలాత్రిపురసుందరి ఒక్కతే మిగిలింది. నాలుగు ఆల్బమ్‌లు ముందేసుకుని కూర్చున్నాను.

రసజ్ఞ పుట్టినరోజు ఫోటోలో కేకు వెనకాల ఒక మోచెయ్యి ఉంది. ఓణీల ఫంక్షన్‌లో కాఫీ ట్రే పట్టుకున్న రెండు చేతులున్నాయి. గృహప్రవేశంలో పీటల మీద నా పక్కనే కూర్చుంది గానీ, ముఖం నిండా హోమం పొగ. మిగతావాటిలో అదీ లేదు. ఫోటో అనగానే "మీరు కానివ్వండి, పొయ్యి మీద చారుంది" అనడం ఆవిడకి అలవాటు. కానిచ్చేయడం మాకు అలవాటు.

దొరికిన ముక్కలన్నీ పట్టుకెళ్లి జ్యోత్స్న ముందు పరిచాను.

"ఏంది సార్ ఇది? ఒక్క మోచెయ్యి ఇచ్చి మనిషిని జెయ్యమంటే ఎట్ల జేస్త? మేడంని తీస్కరాండ్రి, ఇక్కడ్నే ఫోటో దింపుదం."

"సాఫ్ట్‌వేర్ ఉండగా మనిషెందుకమ్మా? పాపం, ఆవిడ పనిలో ఉంటుంది" అన్నాను. చూశారా నా దయ!

చివరికి మా పెళ్లి ఫోటో దొరికింది. ఇరవై నాలుగేళ్ల కిందటి బ్లాక్ అండ్ వైట్. అప్పటికి మా ఆవిడకి పంతొమ్మిదేళ్లు. చీర అసలు రంగేమిటో నాకు గుర్తులేదు గనక రాణీ రంగు వేశాను. బుగ్గలకి కాస్త గులాబీ అద్దాను. తెచ్చి, నలభై తొమ్మిదేళ్ల నా పక్కన నిలబెట్టాను.

"మేడం పక్కన మీరు నాయిన లెక్క కొడ్తున్నరు సార్" అంది జ్యోత్స్న.

"ఫ్యామిలీ ఫోటోలో నాన్న ఉండాల్సిందేగా" అని సమాధానపరచి, ప్రింటు తీయించి, ఇంట్లో ఎవరికీ చూపించకుండానే కొరియర్‌లో పంపేశాను.

వారం తిరక్కుండా వీరలక్ష్మిగారు ఫోన్ చేశారు. నేనే ఎత్తాను.

"అన్నయ్యగారూ, మా అందరికీ అమ్మాయి తెగ నచ్చిందండి!"

"చాలా సంతోషం అమ్మా."

"అదేనండి, మీ పక్కన రాణీ రంగు పట్టుచీరలో ఉందే, ఆ పెద్దమ్మాయి. మావాడైతే ఫోటో చేతిలోంచి కింద పెట్టడం లేదండి."

"పెద్దమ్మాయా!" అని అరిచాను. ఆ అరుపుకి మా ఆవిడ గరిటె పట్టుకుని హాల్లోకొచ్చింది.

వీరలక్ష్మిగారు గొంతు తగ్గించారు. "ఏమీ అనుకోకండి, అన్నీ ముందే అడిగేస్తే మంచిది కదాని. పిల్లల తల్లిగారు పోయి ఎన్నాళ్లయిందండి?"

గరిటెతో సహా ఆ తల్లి నా ఎదురుగా నిలబడి ఉంది! నేనేం చెప్పను? ఉన్నమాట చెప్పాను. "ఫోటోలోనే ఇంత మాయ చేస్తే మేమేం నమ్మాలండి? ఉన్నవాళ్లని ఉన్నట్టు తీసి పంపండి. అప్పుడు చూద్దాం" అని ఆవిడ ఫోన్ పెట్టేశారు.

మా ఆవిడ ఫోటో సంగతంతా రాబట్టింది. మొదట నవ్వింది. "విన్నావుటే రసజ్ఞా, నేను నీకు అక్కనట!" అంది. ఆవిడకి నవ్వొచ్చింది గానీ రసజ్ఞకి రాలేదు.

"అంత నచ్చితే మరి ఎందుకు పెట్టేశారు? ఇంకేమన్నారు?" అని మా ఆవిడ మళ్లీ అడిగింది. తల్లి గురించి ఏమడిగారో చెప్పాను. నవ్వు ఆగిపోయింది.

"ఆవిడ తప్పేముందండి? మన ఆల్బమ్ చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు" అని లోపలికి వెళ్లిపోయింది.

నాకు సిగ్గేసింది. దాన్ని తమాషాగా చెప్పడం నాకు చేతకాదు. నాలుగు ఆల్బమ్‌ల ఫోటోలు తీయించినవాణ్ని నేనే. ఒక్కసారి లోపలికి వెళ్లి "పొయ్యి కట్టేసి రా" అన్న పాపాన పోలేదు.

ఆదివారం జ్యోత్స్న వాళ్లన్న కెమెరా తీసుకుని మా ఇంటికొచ్చింది. హాల్లో రెండు కుర్చీలేశాం. వెనకాల పిల్లలిద్దరూ నిలబడ్డారు. మా ఆవిడ ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చి కూర్చుంది, వెంటనే లేచింది. "పాలు పెట్టానండీ, ఒక్క నిమిషం..."

"కూర్చో. నేను ఆపి వస్తాను" అన్నాను ఠీవిగా.

వంటింట్లోకి వెళ్లాను. గ్యాసు పొయ్యి. రెండు తిప్పుడు బిళ్లలు. ఏది దేనిదో, ఎటు తిప్పాలో నాకు తెలియదు! ఈ ఇంట్లో ఆ పొయ్యి మీద వండింది రోజూ తింటున్నాను. ఫోటోలో మనిషి జుట్టుని వెంట్రుక వెంట్రుకగా కత్తిరించగలను. ఒకటి తిప్పాను. మంట పెద్దదైంది. పాలు పైకి లేచాయి.

"ఏమోయ్, ఎటు తిప్పాలి?"

"కుడివైపుకండీ! అది కాదు, అవతలది! అయ్యో, గుడ్డతో పట్టుకోండి!"

పాలు పొంగిపోయాక బయటికొచ్చాను. అప్పటికే జ్యోత్స్న కెమెరా సర్దేస్తోంది.

"రీల్ల లాస్టు ఫోటో సార్. మేడం ముఖం గిప్పుడు మస్తుగ వచ్చింది, ఆగలేక కొట్టేసిన. ఫికర్ చెయ్యకుండ్రి. ఆ ఖాళీ కుర్చీల మిమ్మల్ని రెండు నిమిషాలల్ల అంటిస్త."

"అక్కర్లేదమ్మా" అంది మా ఆవిడ. "ఆయనెక్కడున్నారో ఫోటో చూస్తేనే తెలుస్తుంది."

అదే ఫోటో రాజమండ్రి వెళ్లింది. ముందు కుర్చీలో మా ఆవిడ, నలభై మూడేళ్ల మనిషి, నెరుస్తున్న పాపిడితో, వంటింటివైపు తల తిప్పి, నోరు తెరిచి కేకేస్తోంది. వెనక పిల్లలిద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. పక్కన ఖాళీ కుర్చీ.

ఈసారి వీరలక్ష్మిగారు ఫోన్‌లో నన్ను అడగనే లేదు. "వదినగారున్నారా?" అన్నారు. ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. అబ్బాయికి ఈసారి నవ్వుతున్న రసజ్ఞే నచ్చిందట. మాట ఖాయమైంది. పెళ్లికొడుక్కి ముహూర్తంలోగా పొయ్యి వెలిగించడం, ఆపడం వాళ్లమ్మ నేర్పించి పంపుతుందట. అది మా ఆవిడ పెట్టిన ఏకైక షరతు.

ఆ ఫోటో ఇప్పుడు మా హాల్లో వేలాడుతోంది. వచ్చినవాళ్లందరూ ఖాళీ కుర్చీ చూసి, "ఇందులో విశ్వేశ్వరరావుగారు లేరేమండీ?" అని మా ఆవిడ్ని అడుగుతున్నారు. ఆవిడ సోఫాలోంచి లేవకుండా నన్నే అడగమంటోంది. వాళ్లకి జవాబు నేను వంటింట్లోంచి అరిచి చెప్పాల్సివస్తోంది.