లేని పెళ్ళికి విడాకులు

"లేని పెళ్ళిని రద్దు చేసే అధికారం సృష్టికర్తకు కూడా లేదు!" అని యూదుల మత న్యాయస్థానం పెద్ద, రబ్బీ మెనాషె సెలవిచ్చాడు. సెలవిచ్చి, గడ్డం సవరించుకుని, గోడ గడియారం వంక చూశాడు. భోజనాల వేళయింది మరి! ఎదురుగా నిలబడ్డ ఆడవాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

తిర్సా హోలోన్‌లో పళ్ళసెట్లు తయారుచేస్తుంది. జివా టెల్ అవీవ్‌లో సిటీబస్సు నడుపుతుంది. తమ దేశంలో ఇద్దరు ఆడవాళ్ళకు పెళ్ళి జరిపించేవాళ్ళు లేరు కాబట్టి ఆ ఇద్దరూ అప్పట్లో విమానమెక్కి టొరంటో వెళ్ళి, చలికి వణుకుతూ ఉంగరాలు మార్చుకుని వచ్చారు. ఆ పత్రం చూపిస్తే నమోదు కార్యాలయం వాళ్ళు ఇద్దరి పేర్లకూ ఎదురుగా ‘వివాహిత’ అని రాసుకున్నారు. "మేం పెళ్ళి చెయ్యలేదు, ఒప్పుకోనూ లేదు. ఊరికే రాసుకున్నామంతే!" అని అక్కడి గుమాస్తా మరీమరీ చెప్పి పంపాడు.

ఊరికే రాసుకున్న ఆ పెళ్ళి చాలాకాలం చక్కగా నడిచింది. తర్వాత పేచీలు మొదలయ్యాయి. తిర్సాకి ప్రతిదీ సరిచెయ్యాలని ఉబలాటం. జివా రోజంతా జనంతో అరిచి అరిచి, ఇంటికొచ్చాక నోరు విప్పేది కాదు. ఒకరి మాటలు ఒకరికి బరువయ్యాయి, ఒకరి మౌనం ఇంకొకరికి బరువయింది. చివరికి జివా బాత్ యామ్‌లో వేరే ఇల్లు తీసుకుంది. వాళ్ళ కూతురు యారా కొన్నాళ్ళిక్కడా కొన్నాళ్ళక్కడా ఉంటూ, ఎక్కడ ఐస్‌క్రీమ్ ఎక్కువ దొరుకుతుందో లెక్క చూసుకునేది.

సరే, మర్యాదగా విడిపోదామనుకున్నారు. నమోదు కార్యాలయానికి వెళితే, "మీకు పెళ్ళయింది. విడాకుల తీర్పు తెస్తేనే మారుస్తాం. అది రబ్బీల పని!" అన్నారు. రబ్బీల దగ్గరకు వస్తే ఇదీ సంగతి!

"అంటే అయ్యగారూ, మేం పెళ్ళికానివాళ్ళమేగా? ఆ మాటే రాసివ్వండి, పోతాం" అంది తిర్సా.

"రాయడానికి అసలు మీరు మా ముందు లేరు తల్లీ! మీ వ్యవహారం మేం వినలేదు. విననిదాని మీద ఏం రాస్తాం?" అని రబ్బీ మెనాషె లేచాడు.

తిర్సా తల్లి నయీమా వాదన కూడా అచ్చంగా ఇలాగే ఉండేది. బాగ్దాదు నుంచి వచ్చిన కుటుంబం, పరువు గల మనిషి. కూతురి పెళ్ళినాడు తలుపులు బిగించుకుని కూర్చుంది. ఇప్పుడు విడాకుల మాట వినగానే గుండె బాదుకుంది.

"మీది పెళ్ళే కాదన్నాను. ఇప్పుడూ అదే అంటా. కానీ విడాకులేంటే? మన ఇంటా వంటా ఉందా? మొగుణ్ణి వదిలేసిన ఆడది మన వంశంలో పుట్టలేదు!"

"నాకు మొగుడే లేడమ్మా!"

"అదేగా నేను చెప్పేది! లేని మొగుణ్ణి ఎలా వదిలేస్తావే?"

అలా కూతుర్ని తిట్టి, మాంసం కూరిన కుబ్బె ఉండలు గిన్నెనిండా వండి, "ఆ పిల్ల చిక్కిపోయింది, పాపం" అంటూ జివాకి పట్టుకెళ్ళింది.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. కానీ ఒకరోజు యారా బడిలో ఉయ్యాల మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. జివా బస్సు తోలుతూ ఫోను ఎత్తలేదు. తిర్సా చేతిలో పని అలాగే వదిలేసి ఆసుపత్రికి పరిగెత్తింది.

"మీరు పాపకేమవుతారు?" అని అడిగింది కౌంటర్ దగ్గర అమ్మాయి.

"అమ్మని."

"అమ్మ పేరు జివా అనుందే! మీరు పక్కింటివారా?"

లోపల పిల్ల "అమ్మా!" అని ఏడుస్తుంటే, బయట ఆ అమ్మ తాను పక్కింటామె కాదని నిరూపించుకోలేక నిలబడింది. జివా వచ్చి సంతకం పెట్టేదాకా తలుపు తెరుచుకోలేదు. ఆ సాయంత్రం ఇద్దరూ ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నారు. జివా మౌనం ఈసారి తిర్సాకి బరువనిపించలేదు.

"నేను కన్నానన్నమాటే గానీ, రాత్రుళ్ళు లేచింది నువ్వు. పిల్లకి నీ పేరు కూడా రాయించాలి. నేను ఎక్కడికి రమ్మంటే అక్కడికొస్తా" అంది జివా, చాలాసేపటికి.

సంక్షేమ అధికారిణి దగ్గరకు వెళ్ళారు. ఆవిడ మంచిమనిషే. కాఫీ కూడా ఇచ్చింది.

"రెండో తల్లిగా గుర్తించాలంటే మీరిద్దరూ దంపతులని రుజువుండాలమ్మా. నమోదు కార్యాలయంలో ఉన్నది ఊరికే రాసుకున్నదేగా, ఏదీ రుజువు?"

"మేం విడాకులకి పెట్టుకున్నామండీ! దంపతులు కాకపోతే విడాకులెందుకు పెడతాం?"

"ఇచ్చారా మరి?"

"దంపతులు కాదని ఇవ్వలేదు."

ఆవిడ తన కాఫీ కూడా తిర్సాకే ఇచ్చేసింది!

అప్పుడు దొరికాడు లాయరు ఎల్కానా. కథంతా విని, చేతులు రుద్దుకుంటూ, "వాళ్ళు ఇవ్వనంటున్నారుగా! మామూలు కుటుంబ కోర్టులో వేద్దాం. విడాకులూ అక్కడే, పిల్ల మీద హక్కూ అక్కడే. ఆ తర్వాత తమాషా చూడండి" అన్నాడు.

తమాషా త్వరగానే మొదలైంది. మామూలు కోర్టు విడాకులివ్వబోతోందన్న వార్త రబ్బీ మెనాషె చెవిన పడగానే న్యాయస్థానం అట్టుడికిపోయింది. ఇవాళ ఈ ఇద్దరికి ఇస్తారు, రేపు ఊరందరికీ ఇస్తారు, ఎల్లుండి రబ్బీల గుమ్మం తొక్కేదెవరు? ముగ్గురు రబ్బీలూ భోజనం కూడా మానుకుని తీర్మానం రాసి పంపారు. కుటుంబ కోర్టులో జడ్జి రవితాల్ అమ్మగారు దాన్ని పైకి చదివింది.

"‘తిర్సా, జివా అను ఈ యూదు దంపతుల వివాహబంధం పూర్తిగా, శాశ్వతంగా మా పరిధిలోనిది. దీనిని తెంచు అధికారం మాకు తప్ప అన్యులకు లేదు.’ ముగ్గురు రబ్బీల సంతకాలూ ఉన్నాయి."

కోర్టుహాల్లో గుసగుసలు పుట్టాయి. జడ్జి కళ్ళజోడు తీసింది.

"దంపతులని ఇంత పెద్దవాళ్ళు రాశాక నేనెవర్ని కాదనడానికి? తిర్సా ఈ రోజునుంచి యారాకి తల్లి. విడాకుల పిటిషను రబ్బీలకే పంపుతున్నాను."

రబ్బీల తరఫు ప్రతినిధి ఎగిరిపడ్డాడు. "అమ్మగారూ! అది విడాకుల వరకే! మిగతా వాటికి వాళ్ళు దంపతులు కారు!"

"మీకు ఏ పూటకి కావలసిన పెళ్ళి ఆ పూటకి ఉంటుందా?" అంది జడ్జి. తిర్సాకి ఆ మాటలేవీ వినిపించలేదు. బల్లమీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. జివా ఆమె వీపు నిమురుతోంది.

వారం తిరక్కుండా మళ్ళీ రబ్బీ మెనాషె ముందు నిలబడ్డారు. ఈసారి కుర్చీలు వేశారు. నీళ్ళిచ్చారు. గుమాస్తా కాగితం ముందేసుకుని గొంతు సవరించుకున్నాడు.

"విడాకుల పత్రం భర్త ఇవ్వాలి, భార్య పుచ్చుకోవాలి. మీలో భర్త ఎవరు?"

"నా పేరు రాసుకోండి, ఇంట్లో అలిగేది నేనే" అంది జివా.

"అదేం కాదు, అరిచేది నేను. నా పేరు రాయండి!" అంది తిర్సా.

రబ్బీలు ముగ్గురూ తలలు దగ్గరపెట్టి గ్రంథాలు తిరగేశారు. పెళ్ళి ఉందని రాసి ఇచ్చారు, వెనక్కి తీసుకుంటే కేసు తమ చేజారిపోతుంది. విడాకులిస్తే, ఇలాంటి పెళ్ళి ఉందని లోకానికి చాటినట్టవుతుంది. ఇవ్వకపోతే మామూలు కోర్టు ఇచ్చేస్తుంది. చెమటలు తుడుచుకున్నారు. చివరికి రబ్బీ మెనాషెకి దారి దొరికింది. ఆయన ముందుకు వంగి, గొంతు మెత్తగా చేశాడు.

"తొందరపడకండమ్మా. కాపురమన్నాక మాటామాటా వస్తుంది. పసిపిల్ల మొహం చూడండి. ఒకరికొకరు సర్దుకుపొండి. పచ్చని సంసారం చేజేతులా కూల్చుకుంటారా? ఇంటి శాంతి కోసం ఆరునెలలు గడువిస్తున్నాం!"

తిర్సా జివా వంక తిరిగింది. జివా ఎప్పుడూ లేనిది పకపకా నవ్వింది.

బయట వరండాలో కట్టుకట్టిన చేతితో యారా, పక్కనే నయీమా కాచుకుని ఉన్నారు. పిల్ల ఎదురొచ్చి, "మీకు విడాకులొచ్చాయా?" అని అడిగింది.

తిర్సా పిల్లని ఎత్తుకుని, "లేదు బంగారం! ఇవాళే మాకు పెళ్ళయింది!" అంది.