బంగాళాఖాతాన్ని చెరిపేసిన రాముడు

శనివారం మధ్యాహ్నం చేపల పులుసుతో రెండు పళ్లేల అన్నం తిని, చెయ్యి కడుక్కుని, రాముడు బంగాళాఖాతాన్ని చెరిపెయ్యడానికి కూర్చున్నాడు.

తాతల నాడైతే ఇది అయ్యే పని కాదు. ఇప్పుడు సముద్రం కంప్యూటర్లోకి వచ్చి కూర్చుంది కాబట్టి అవుతుందని అతని ధీమా. అందులో ఉన్నది ఒక్క బంగాళాఖాతమే కాదు, భూమ్మీదున్న సముద్రాలన్నీ ఉన్నాయి. అవి అక్కడికి ఎలా చేరాయో ముందు చెప్పాలి.

మూడేళ్ల కిందట రాముడు శ్రీకాకుళం వెళ్లి, ఎవరో వాడి వదిలించుకున్న ల్యాప్‌టాప్ ఒకటి కొనుక్కొచ్చాడు. కళింగపట్నం పక్కన వాళ్ల పల్లెలో ఫైబరు తెప్ప ఉన్నవాడెవడూ అంతకుముందు అలాంటి పని చెయ్యలేదు. అతన్ని చూశాక ఇంకెవరూ చెయ్యలేదు కూడా. పెద్ద ఓడల్లో పనిచేస్తూ సెలవుకి వచ్చిన కొండబాబు అందులో సముద్రం మ్యాపులు ఎక్కించాడు. ఎక్కడ ఎంత లోతు, ఎక్కడ ఇసుక, ఎక్కడ రాయి అని చూపించే మ్యాపులు అవి. కొండబాబుది పెట్టే చెయ్యి. రాముడు కళింగపట్నం నుంచి బారువ దాకా ఇమ్మంటే అతను నార్వే దాకా వడ్డించాడు. రాముడి తెప్ప ఏడెనిమిది మైళ్లు దాటి ఎరగదు. అయినా నార్వేలో ఏ మూల ఎంత లోతో కావాలంటే చెప్పగలడు. ఎవరికీ కావలసి రాలేదు.

అప్పటినుంచి ఆ ల్యాప్‌టాప్ రెండు పాలిథిన్ కవర్లు కట్టుకుని, థర్మాకోల్ డబ్బాలో పడుకుని, వేలెడంత జీపీఎస్ ముక్కని తోడు తీసుకుని, తెప్ప మీది పెద్ద బ్యాటరీ కరెంటు తాగుతూ అతనితో వేటకి వెళ్లేది. చేపలకి ఐసు వెయ్యాల్సిన డబ్బా అది. చేపలు ఎండలో ఉండేవి. ఊరు అతనికి కంప్యూటర్ రాముడని పేరు పెట్టింది. అది బిరుదని రాముడు ఇప్పటికీ అనుకుంటున్నాడు.

రెండేళ్ల కిందట ఒకరోజు ఇంజను ఆగిపోయి తెప్ప కొట్టుకుపోతుంటే, ఊరికే కూర్చోలేక గాలం వేశాడు. మోచెయ్యంత కోనెం చేప పడింది. తరవాత ఇంకోటి, ఆపైన మరోటి. అంటే అడుగున చేపలు గుమిగూడే రాతి దిబ్బ, పార, ఉందన్నమాట. రాముడు గబగబా డబ్బా తెరిచి, మ్యాపు మీద అక్కడో ఎర్ర చుక్క పెట్టాడు. చుక్కకి పేరేమిటని కంప్యూటర్ అడిగింది. తనకున్న తెలివంతా ఉపయోగించి "కోనెం పార, ఎవరికీ చెప్పకూడదు" అని రాశాడు.

పార దొరికినవాడు నోరు విప్పకపోవడం ఆ తీరంలో ఆనవాయితీ. రాముడి విషయంలో తెప్ప మీద ఉండే రెండో మనిషి కూర్మయ్య వల్ల కూడా ప్రమాదం లేదు. ఇంజను మోగితే నిద్రపోయి, చేప తగిలితే లేచే మనిషి అతను. ఎక్కడికి వెళ్లాడో అతనికే తెలియదు. ఆ పార మీద వచ్చిన కోనెంతోనే కూతురు హేమ డిగ్రీ పూర్తయింది, ఇంటి మీద రేకులు పోయి స్లాబు వచ్చింది. పొలం లేని రాముడికి అదే మాన్యం.

ఆ మాన్యానికి గురువారం నాడు గండం వచ్చింది. గండం పేరు లక్ష్మణమ్మ. రామాయణంలో రాముడి వెనక లక్ష్మణుడు నడిచాడేమో గాని, ఈ ఇంట్లో లక్ష్మణమ్మ వెనకే రాముడు నడుస్తాడు. ఆవిడ అతనికి పెళ్లాం, చేపలన్నీ శ్రీకాకుళం మార్కెట్‌కి పట్టుకెళ్లి అమ్ముకొచ్చే మనిషి. ఆవిడతో ఒకసారి బేరమాడినవాళ్లు రెండోసారి ఆడరు. చెప్పిన రేటుకే కొనుక్కుని బయటపడతారు.

"మావా, ఆదివారం మా తమ్ముడు వెంకీ బోజనానికి వస్తన్నాడు," అంది కత్తిపీట ముందు కూర్చుని. "పాత తెప్ప అమ్మేసి కొత్తది కొన్నాడు కదా. నీ కంప్యూటర్ల మ్యాపు ఓపాలి ఆడికి సూపించు."

"సూసి ఆడేటి సేస్తాడు?"

"నువ్వేటి సేస్తన్నావో అదే."

"అది ఆడికి అరదం కాదే. అంతా ఇంగిలీసు."

"నీకు అరదమయ్యింది కదా. మా వోడు ఇంటరు పేసయ్యాడు."

రాముడు తొమ్మిదో తరగతిలో బడికి దండం పెట్టినవాడు. మాట తగలాల్సిన చోటే తగిలింది. బావమరిది పై ఊళ్లో ఉంటాడు, ఒకే నీళ్లలో వేట. చూపిస్తే పార పోతుంది, చూపించనంటే అన్నం పోతుంది. రెండు రోజులు బుర్ర గోక్కుని అతనో ఉపాయం కనిపెట్టాడు. మ్యాపులన్నీ తీసేసి, పాడైపోయాయని చెప్పెయ్యడం. బంగాళాఖాతం మ్యాపు ఒక్కటి ముందుగా పెన్‌డ్రైవులోకి ఎక్కించి దాచుకోవడం. కాగితం ఎక్కడికి వెళ్తే దాని మీద పెట్టిన చుక్క కూడా అక్కడికే వెళ్తుంది కదా అనుకున్నాడు. అనుకోవడంలో ఏ ఇబ్బందీ రాలేదు.

శనివారం అలా కూర్చుని, ముందు పెన్‌డ్రైవు నింపి బీడీల డబ్బాలో పెట్టాడు. తరవాత మ్యాపుల లిస్టు తెరిచి ఒక్కో పేరూ తీసేస్తూ పోయాడు. గంటన్నర పట్టింది. అంతా అయ్యాక కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే, నార్వేతో సహా అన్నీ వచ్చి వరసలో నిలబడ్డాయి.

హేమని పిలిచాడు. ఆ పిల్ల బ్యాంకు పరీక్షలకి చదువుతోంది. కోచింగు వీడియోలు స్నేహితురాలి దగ్గర ఉన్నాయి, ఎక్కించుకుందామంటే ల్యాప్‌టాప్‌లో చోటు లేదు. ఆరు నెలలుగా అడుగుతుంటే, సముద్రాలు తియ్యకూడదమ్మా అంటూ వచ్చాడు తండ్రి. ఇప్పుడు ఆయనే తీస్తున్నాడంటే ఆ పిల్ల ఎందుకని అడగలేదు. అడిగినదానికి మాత్రమే జవాబు రాయాలని కోచింగులో చెప్పారట.

"ఓటర్ల లిస్టులో పేరు కొట్టేస్తే మనిషి సచ్చిపోడు కదా నాన్నా. ఇదీ అంతే. మ్యాపులున్న ఫోల్డరే తీసెయ్యాలి," అంది.

ఫోల్డరు తియ్యడం మొదలైంది. పచ్చగీత చీమలా పాకుతోంది. నార్వే పోవడానికే పావుగంట పట్టింది. అట్లాంటిక్ సగంలో ఉండగా కరెంటు పోయింది. ఆ ల్యాప్‌టాప్ బ్యాటరీకి కరెంటు మీద ఎంత ప్రేమంటే అది లేకుండా క్షణం బతకలేదు. రెండు గంటలు సగం అట్లాంటిక్‌తో వీధరుగు మీద కూర్చోవాల్సి వచ్చింది. ఏం చేస్తున్నావని దారిన పోయేవాళ్లు అడిగితే, దుమ్ము దులుపుతున్నానన్నాడు. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డికి అన్నవాడు ఇతనికి చుట్టం కాబోలు.

కరెంటు వచ్చి, అన్నీ పోయాక, అవి నిజంగా పోలేదని, చెత్తబుట్టలో ఉన్నాయని హేమ చెప్పింది. వంటింట్లో ఉన్న లక్ష్మణమ్మ చెవిన ఆ మాట పడింది. పాతికేళ్లలో మొదటిసారి మావ చెత్త తీస్తున్నాడు, ఎవులూ అడ్డెళ్లకండి అంది. రాముడు రోషంతో చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు. మ్యాపులేమైనా మిగిలాయా అని అడిగితే, మ్యాపులు ఒక్కటీ మిగల్లేదంది కూతురు. ఆ మాటలో అబద్ధం లేదు. సాయంత్రం లక్ష్మణమ్మ అడగకుండానే టీ ఇచ్చింది. పాతికేళ్ల కాపురం చేసినవాడు దానికి భయపడాల్సింది. ఇతను సంతోషించాడు.

ఆదివారం వెంకీ పనసకాయతో దిగాడు. అక్కని పలకరించాడు, హేమ చదువు గురించి అడిగాడు, కొత్త తెప్ప సంగతి చెప్పాడు, రొయ్యల వేపుడు మారడిగాడు. మ్యాపు మాట ఎత్తలేదు. మజ్జిగ దాకా వచ్చినా ఎత్తలేదు. ఎత్తితే చెప్పడానికి రాముడు అబద్ధం ఒకటి పొద్దుటినుంచి నోట్లో పట్టుకుని తిరుగుతున్నాడు. అది పాడైపోతుందేమోనని అతనికి బెంగ పట్టుకుంది. గుమ్మడికాయల దొంగ ఎవరూ ఏమీ అనకముందే భుజాలు తడుముకున్నాడు. తనే లేచి ల్యాప్‌టాప్ తెచ్చి బావమరిది ముందు పెట్టాడు.

"ఒరే వెంకీ, నీకు సూపిద్దామనుకున్నాను గాని, మొత్తం పాడైపోనాది. ఏటీ నేదు. కావాలంటే నువ్వే సూడు," అని మూత తెరిచాడు.

తెర అంతా తెల్లగా ఉంది. ఒడ్డు లేదు, లోతులు లేవు, నార్వే లేదు. నట్టనడుమ ఒకే ఒక్క ఎర్ర చుక్క ఉంది. దాని పక్కన పెద్ద అక్షరాల్లో పేరు, కింద అది ఎక్కడుందో చెప్పే అంకెలు ఉన్నాయి. అంతకుముందు వెయ్యి లోతుల అంకెల మధ్య ఆ చుక్కని వెతికి పట్టుకోవాలంటే రాముడికే కళ్లు నొప్పి పుట్టేవి. ఇన్నాళ్లూ పారని దాచింది ఆ సముద్రమేనని, దాన్ని తనే ఊడ్చిపారేశాడని అప్పుడు తెలిసింది.

వెంకీ ఇంటరు చదివిన మనిషి కనుక కూడబలుక్కోకుండా చదివాడు. "కోనెం పార, ఎవరికీ చెప్పకూడదు." హేమ మంచినీళ్లు తెస్తానని లోపలికి వెళ్లిపోయింది.

రాముడు చుక్క మీద పడ్డాడు. చెరపమంటారా అని కంప్యూటర్ మర్యాదగా అడిగింది. ఆ పూట అతన్ని మర్యాదగా అడిగింది అదొక్కటే. చెరిపేశాడు. తెర శుభ్రంగా తెల్లబడింది.

"వైరస్సురా," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"వైరస్సు తెలుగుల రాస్తాదేటి బావా?" అని వెంకీ చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

బావమరిది అరుగు మీద నడుం వాల్చాక, రాముడు బీడీల డబ్బాతో గది మూలకి చేరాడు. పెన్‌డ్రైవు పెట్టాడు. బంగాళాఖాతం తిరిగొచ్చింది. ఒడ్డు వచ్చింది, లోతులు వచ్చాయి, లైటుహౌసు వచ్చింది. చుక్క రాలేదు. పెద్దది చేసి చూశాడు, చిన్నది చేసి చూశాడు, అద్దాలు తుడుచుకుని చూశాడు. చివరికి హేమని అడిగితే ఆ పిల్ల జాలిగా చెప్పింది. చుక్కలు మ్యాపులో ఉండవట, కంప్యూటర్ వాటిని వేరే పుస్తకంలో రాసుకుంటుందట. మ్యాపు తీసినా చుక్క పోదట, చుక్క తీస్తే మాత్రం మరి రాదట.

రాముడికి నిజంగానే భయం వేసింది. పార అంటే ఎంత, మన పెరడంత ఉంటుంది. అంత సముద్రంలో దాన్ని మళ్లీ తగలాలంటే ఇంజను ఇంకెన్నిసార్లు ఆగిపోవాలో. తండ్రి కొండనీ చెట్టునీ గురి చూసి తెప్పని సూదిలో దారంలా నడిపేవాడు. ఆ విద్య నేర్పబోతే చూద్దాంలే అని దాటేసి, కంప్యూటర్ వచ్చాక ఇక కొండలెందుకని నవ్వినవాడు తను. రెండేళ్లుగా డబ్బాలోకి చూడడమే గాని తలెత్తి ఒడ్డు వైపు చూసిన పాపాన పోలేదు. ఏడుపు వచ్చేలా ఉంది, సిగ్గు దాన్ని ఆపింది.

లక్ష్మణమ్మ వచ్చి ఏమైందని అడిగింది. పార పోయిందన్నాడు.

"ఎక్కడికి పోతాది? దానికేటి కాళ్లున్నాయా?" అంది ఆవిడ గోడకి చేరగిలబడి కూర్చుంటూ. "తెప్ప మీదనుంచి సూస్తే శాలిహుండం కొండ నడినెత్తి మీద లైటుహౌసు నిలబడాల. ఉత్తరంపక్క తాడితోపు సివర ఒంటికొండ అప్పుడే బయటపడాల. ఆ రెండూ ఒక్కపాలి కుదిరిన కాడ గాలం ఎయ్యి."

రాముడు లేచి వచ్చి ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు.

"నీకెవులు సెప్పినారే?"

"మా అయ్య. అది మా అయ్య పార."

"నాను అక్కడికే ఎల్తన్నానని నీకెలా తెల్సు?"

"సేపని పట్టినోడివి నువ్వు. పొట్ట కోసినదాన్ని నేను. ఆ పార కాడి కోనెం పొట్టల ఎర్ర రొయ్యపిల్లలుంటాయి, మరెక్కడా ఉండవు. మొదటి రోజునే తెల్సు."

"రెండేళ్లు సెప్పనేదేటే మరి?"

"కనిపెట్టినానని నువ్వు అంత సంబరపడతంటే, ఎందుకులే పాపమని ఊరుకున్నాను."

ఇంకొక్క ఆశ మిగిలింది అతనికి. అరుగు వైపు చూసి, గొంతు తగ్గించి, వాడికి తెలుసా అని అడిగాడు. జవాబు అరుగు మీదనుంచే వచ్చింది. వెంకీ కళ్లు కూడా తెరవలేదు.

"మంగళవారం, శుక్కురవారం నావి బావా. అక్క పెట్టిన రోజులే. కొత్త తెప్ప దేనితో కొన్నాననుకున్నావు?"

రెండేళ్ల మంగళవారాలు రాముడి కళ్ల ముందు వరసగా నడిచాయి. మంగళవారం గంగమ్మ తల్లికి కోపమని, వేటకి పోవద్దని చెప్పింది ఎవరు? శుక్రవారం వస్తే చాలు వల చిరిగిందనో, ఇంట్లో బియ్యం ఆడించాలనో, నడుం పట్టేసిందనో చెప్పి ఆపింది ఎవరు? గంగమ్మకి ఏ వారమూ కోపం లేదు. ఆ పారకి సర్పంచి లక్ష్మణమ్మ.

"మరి మ్యాపు సూస్తాడన్నావు?" అన్నాడు నీరసంగా.

"మ్యాపన్నది నేను, ఆడు కాదు. పిల్లకి వీడియోలకి సోటు కావాలని ఆరు నెల్లు మొత్తుకున్నాను. నీ సేత తీయించాలంటే మరేటి సెయ్యాల?"

ల్యాప్‌టాప్ కోసం చెయ్యి చాపితే అక్కడ లేదు. హేమ ఎప్పుడో పట్టుకుపోయింది. లోపలినుంచి వడ్డీ లెక్కలు చెప్పే మాస్టారి గొంతు వినిపిస్తోంది. బంగాళాఖాతం ఉన్న పెన్‌డ్రైవు కూడా ఖాళీ చేస్తే ఇంకో నాలుగు పాఠాలు పడతాయని ఆ పిల్ల కేకేసింది. తీసుకోమన్నాడు.

తరవాత చాలాసేపు కొండ, లైటుహౌసు, తాడితోపు, ఒంటికొండ అని ఎక్కం వల్లించినట్టు వల్లించాడు. తప్పినచోటల్లా అరుగు మీదనుంచి బావమరిది దిద్దాడు. బుధవారం తను వెళ్లొచ్చా అని అడిగితే, బుధవారం ఎవరూ వెళ్లకూడదని, చేపకి కూడా ఓ రోజు ఊపిరాడాలని లక్ష్మణమ్మ చెప్పింది. సరేనన్నాడు.

సోమవారం తెల్లారి కూర్మయ్యతో కలిసి తెప్పని నీళ్లలోకి తోసేముందు, రాముడు ఇసుక మీద ఆగి వెనక్కి తిరిగాడు. బుట్ట చంకన పెట్టుకుని నిలబడిన పెళ్లాన్ని, ఈ రోజు తనదేనా అని అడిగాడు. ఆవిడ ఆలోచించి, ఊఁ అంది. అప్పుడు తోశాడు.