కాలింగ్ బెల్ ఉన్న కారు

కారున్నవాడి పరువంతా హారన్ బటన్ కిందే ఉంటుంది! ఈ సత్యాన్ని మన పూర్వీకులు ఏ శాస్త్రంలోనూ రాయలేదు. పాపం, వాళ్ళకి కార్లు లేవు. నాకుంది కాబట్టి నేను రాస్తున్నాను.

గుంటూరులో నాది పురుగుమందుల షాపు. రెండువేల రెండులో మా తోడల్లుడు భావనారాయణ కొత్త కారు కొని, మా అత్తమామల్ని ఎక్కించుకుని పెదకాకాని గుడికి తీసుకెళ్ళి పూజ చేయించాడు. ఇక నాకు అన్నం సహిస్తుందా? నెల తిరక్కుండా నేనూ కొన్నాను. ఓ డాక్టరు గారి దగ్గర, సెకండ్ హ్యాండ్‌ది. మామగారికి మాత్రం "షోరూం నుంచి సరాసరి ఇంటికే! నేనూ మిమ్మల్ని ఎక్కించుకుని పెదకాకానిలో పూజ చేయిస్తాను!" అని ఫోన్ చేశాను.

పాత స్టీరింగు అరిగి అరిగి నున్నగా మెరుస్తోంది. పసిపిల్లాడైనా బండి వయసు చెప్పేస్తాడు. అందుకని అది పీకించి, మధ్యలో ఎర్ర బటన్ ఉన్న స్పోర్ట్స్ స్టీరింగు వేయించాను. పత్తి పురుక్కి మందు కోసం వచ్చిన ప్రతి రైతునీ కార్లో కూర్చోబెట్టి హారన్ వినిపించాను. పాపం, ఓపిగ్గా విన్నారు. సరిగ్గా పూజకి ముందురోజు ఆ బటన్ రెండు ముక్కలై నా ఒళ్ళో పడింది!

పూజ చివర పూజారి మూడుసార్లు హారన్ కొట్టమంటాడు. మామగారి ఎదుట నా కారు మూగదైతే ఇంకేముంది? మెకానిక్ నాగూర్ వలి దగ్గరికి పరిగెత్తాను.

"ఈ బటన్ ఇక్కడ దొరకదు సార్. తెప్పించాలంటే వారం పడుద్ది. పాత స్టీరింగే బిగించనా? బ్రహ్మాండంగా మోగుద్ది."

"ఛఛ! దానికి... గ్రిప్పు చాలదయ్యా!"

వలి నన్ను ఎగాదిగా చూశాడు. ఇంకేమీ అడక్కుండా, ఎలక్ట్రికల్ షాపు నుంచి ఇళ్ళకి పెట్టే కాలింగ్ బెల్ స్విచ్చి తెచ్చి స్టీరింగు నడుమ బిగించాడు. తెల్లటి స్విచ్చి, దాని మీద గంట బొమ్మ!

"పాతదని చెప్పేస్తే పోయేది కదండీ. మా నాన్నేమన్నా కొడతాడా?" అంది నా భార్య బిందుమాధవి.

"పరువు సంగతి నీకు తెలీదు, ఊరుకో!" అన్నాను.

తెల్లారి నంబరు ప్లేటు కనబడకుండా బంతిపూల దండ వేలాడదీసి, వినుకొండ వెళ్ళి అత్తమామల్ని ఎక్కించుకున్నాను.

"అదేంది అల్లుడూ, గంట బొమ్మ?" అన్నారు మామగారు పేరయ్య.

"లేటెస్టు మోడల్ మామయ్యా!"

ఆయన భక్తిగా తలూపారు. దారిపొడుగునా మేకలకీ, మిరపకాయల ట్రాక్టర్లకీ, ఎవరూ లేని మలుపులకీ హారన్ కొడుతూనే ఉన్నాను.

పెదకాకానిలో అత్తగారు మోకాళ్ళ నొప్పులని బండి దిగలేదు. పూజారి కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, "కొట్టండి బాబూ హారన్!" అన్నాడు. దేవుడా అనుకుంటూ గంట బొమ్మ నొక్కాను. మూడుసార్లూ ఊరంతా వినబడేలా మోగింది! నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

పూజారి ముఖం కూడా విప్పారింది.

"శుభం! ఈ బండి హారన్ ఇప్పుడే బాగుందండీ. లాయరు గారు తెచ్చినప్పుడు కీచుమంది. డాక్టరు గారు తెచ్చినప్పుడు అసలు పలకనే లేదు!"

డాక్టరు గారి సంగతి నాకు తెలుసు. లాయరు గారి సంగతి అప్పుడే తెలిసింది.

"మీరు పొరబడ్డారేమో పంతులుగారూ..."

"పొరబాటేంటి బాబూ! ఈ వంకాయ రంగు బండి నేను చూసినంతలో ఇదొక్కటే!"

మామగారు కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు. సిగ్గుతో చచ్చిపోయాను. తల వంచుకుని తిట్లకోసం ఎదురుచూశాను. ఆయన మాత్రం వెనక సీటు వైపు తిరిగి కేకేశారు.

"ఒసే రాఘవమ్మా! ఇంక చెప్పులేసుకుని కాళ్ళు కింద పెట్టవే! ఇది పాత బండేనంట!"

అప్పుడు చూశాను. అల్లుడి కొత్త కారుకి మట్టి అంటుకుంటుందని, అత్తగారు వినుకొండ నుంచి చెప్పులు ఒళ్ళో పెట్టుకుని, పాదాలు పైకెత్తి పట్టుకుని కూర్చుంది. ఆ మోకాళ్ళతో!

"అమ్మయ్య!" అని ఆవిడ కాళ్ళు బారజాపింది. "ఆ ముక్క వినుకొండలోనే చెప్పకూడదా నాయనా? కాళ్ళు కొయ్యబారిపోయినయ్యి!"