నూట యాభై ఒకటో నమూనా

భూమి ఎప్పుడు పుట్టినా సరే, దాని మీద నంబరు పడేదాకా పుట్టినట్టు కాదని కైరోలో ఒక ఆఫీసు తీర్మానించింది. దాని పేరు తీరప్రాంత శిలా పరిశీలక విభాగం. ఎర్ర సముద్రపు ఒడ్డున ఏ రాయి ఉందో, ఏ మన్ను ఉందో అంతవరకూ ఎవరూ చూడలేదు. (అక్కడ పుట్టి పెరిగినవాళ్లు చూశారు. వాళ్లు చూడటాన్ని చూడటం అనరు.)

విభాగానికి నిబంధనలున్నాయి. అందులో పెద్దది తొమ్మిదోది. నంబరు ఉన్నది ఏదైనా నమూనా. నమూనాను కైరో అనుమతి లేకుండా కదిలించరాదు.

ఆ నిబంధనను వెంటబెట్టుకుని వహ్బీ ఎఫెండీ (అంటే వహ్బీ అయ్యగారు) అనే అధికారి ఒంటె మీద కరార్ డేరాల దగ్గరికి వచ్చాడు. కరార్‌ది అబాబ్దా తెగ. ఆ లోయలో అతని వాళ్లకి ఉన్నవి నాలుగు డేరాలు, ఒక ఒంటెల మంద, ఒక బావి. బావికి మూత ఒక బండ. చుట్టుపక్కల మంచినీళ్లు ఇంకెక్కడా లేవు.

ఎఫెండీ దొరికిన రాయినల్లా సుత్తితో కొట్టాడు, నాకి చూశాడు, కడిగాడు, సంచిలో వేశాడు. మనిషి మంచివాడే. బావి దగ్గరికి వచ్చేసరికి మాత్రం సుత్తి చేతిలోంచి జారిపోయింది.

బండ మీద ఒక గీత, ఒక సున్న, మళ్లీ ఒక గీత చెక్కి ఉన్నాయి.

అది కరార్ వంశం గుర్తు. తాత కర్ర, అవ్వ కాఫీ గిన్నె, అవ్వ కర్ర. (అవ్వకీ కర్ర ఉండేది. రెండిట్లో అదే ఎక్కువ వాడకంలో ఉండేదట.) వాళ్ల బావి మీదా, వాళ్ల ఒంటెల తొడల మీదా అదే గుర్తు. ఆ గుర్తున్నదాన్ని ఆ ఎడారిలో పరాయివాడు ముట్టడు. కానీ ఆ దేశపు అంకెల్లో గీత అంటే ఒకటి, సున్న అంటే ఐదు. చదువుకున్నవాడికి అది నూట యాభై ఒకటి.

"దొరికింది!" అని ఎఫెండీ గంతేశాడు. ఇంతకుముందు వచ్చిన అధికారి నూట యాభై దాకా నంబర్లు వేసి, తర్వాత నూట యాభై రెండు వేశాడట. మధ్యది ఏమైందో తెలియదు. దాన్ని వెతకడానికి కైరోలో ఒక ఉప విభాగం పెట్టారు. వాళ్లు కైరోలోనే వెతుకుతున్నారు.

"ఎఫెండీ, అది మా బావి మూత," అన్నాడు కరార్.

"ఇప్పుడు నమూనా. ముట్టుకోకు."

"దాని కింద నీళ్లున్నాయయ్యా."

"నీళ్లు మా విభాగం కిందికి రావు."

"మీ విభాగం కిందికి రాకపోతే పోనీ, మా తోలుసంచిలోకి రానియ్యి."

ఎఫెండీ బండ చుట్టూ తాడు కట్టి లక్కముద్ర వేశాడు.

సాయంత్రం ఒంటెలు వచ్చాయి. చాలా రోజులు కొండల్లో మేసి, నీళ్ల కోసం వచ్చాయి. ఈమధ్యే ఈనిన పెద్ద ఒంటె, పిల్లతో ముందు నడుస్తోంది. ఎఫెండీ దాని తొడ చూశాడు. నూట యాభై ఒకటి. వెనకదాని తొడ చూశాడు. అదీ అంతే. మామూలు మనిషికి ఇక్కడ అనుమానం రావాలి. ఎఫెండీ అధికారి గనక ఆనందం వచ్చింది. పోయింది ఒక నమూనా, దొరికింది మంద.

గట్టిదనం తెలుసుకుందామని పెద్ద ఒంటెను సుత్తితో తట్టాడు. ఒంటె కూడా ఆయన గట్టిదనం తెలుసుకుంది. ఎఫెండీ ఇసుకలోంచి లేచి, ఎర్ర టోపీ దులుపుకుని రాసుకున్నాడు: "గోధుమ రంగు. పైపొర వెంట్రుకలు. తడితే తిరిగి తడుతుంది." నడుస్తోంది గనక వరదకు కొట్టుకొచ్చే రాళ్లలో చేర్చాడు.

కరార్ భార్య మస్తూరా చెంగు నోట్లో కుక్కుకుంది. "ఒంటె రాయా? అది వచ్చీరాగానే దాని పిల్లని పక్కకి నెట్టి మరీ నీకు పాలు పిండితిని కదా ఎఫెండీ! ఇప్పుడు నీ కడుపులో ఉన్నదేంటి, సున్నమా?"

"ద్రవరూప నమూనా," అన్నాడు ఎఫెండీ, కడుపు మీద చెయ్యి వేసుకుని. ఆ పూట ఆయన ఎక్కువగా కదల్లేదు.

మర్నాటికి తోలుసంచులు ఖాళీ అయిపోయాయి. పెద్ద ఒంటెకు పాలు ఎండాయి. పిల్ల దాని కింద మూతి పెట్టి, తీసి, అరిచింది. కరార్‌కి ఆ అరుపు వినబుద్ధి కాలేదు.

"కైరోకి మనిషిని పంపి అనుమతి తెప్పించవయ్యా."

"దేని మీద వెళ్తాడు?"

"ఒంటె మీద."

"ఒంటెకి కైరో అనుమతి కావాలి."

"నువ్వొచ్చిన ఒంటె ఉందిగా!"

అది కరార్ పినతండ్రి కొడుకుది. ఎఫెండీ వెళ్లి దాని తొడ చూసొచ్చి, దానికీ తాడు కట్టాడు. (పైన కూర్చున్నవాడికి తొడ కనబడదు.)

ఇంతలో మస్తూరా కాఫీ గింజలు వేయించింది. అల్లం వేసి దంచింది. వాసన లోయంతా పాకింది. ఎఫెండీ గిన్నె పట్టుకుని ముందుకు జరిగాడు. ఆమె కాఫీ కుండ ఆయన ముందు బోర్లించింది. "ఇక నీళ్లు పోయాలి. నీళ్లు నీ విభాగం కిందికి రావంటివి. వాసన పీల్చుకో."

ఎఫెండీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. (అవీ విభాగం కిందికి రావు.)

కరార్ గడ్డం గోక్కున్నాడు. "ఎఫెండీ, నీ తోలుసంచిలో నీళ్లన్నీ రాళ్లు కడగడానికే పోశావు. ఎందుకూ?"

"పద్నాలుగో నిబంధన. కడగని నమూనాను పరిశీలించరాదు. అదీ మంచినీళ్లతోనే. ఉప్పునీళ్లు తగిలితే నమూనా చెడిపోతుంది."

"మరి ఈ ఒంటెల్ని కడగలేదేం? కడగకుండానే రాసేశావే! కైరోలో తెలిస్తే?"

ఎఫెండీ ముఖం పాలిపోయింది. "నీళ్లేవీ?"

"ఆ బండ కింద. అన్నట్టు బండనీ కడగలేదు. అడుగువైపు మరీ మురికి. కాస్త దొర్లిస్తే కదిలించినట్టా?"

ఎఫెండీ నిబంధనల పుస్తకం తిరగేసి, చెమట తుడుచుకున్నాడు. "కాదు. పరిశుభ్రత."

బండ దొర్లింది. తోలు బాల్చీ దిగింది. పెద్ద ఒంటె బాల్చీలో మూతి పెట్టి ఎత్తలేదు.

"తాగుతోందే!" అన్నాడు ఎఫెండీ.

"లోపలి నుంచి కడుగుతున్నాం. దుమ్మంతా లోపలే."

ఎఫెండీ అలాగే రాసుకున్నాడు. డేరాల్లో వాళ్లంతా వచ్చి, తాము కూడా లోపల చాలా దుమ్ముగా ఉన్నామన్నారు. మస్తూరా నవ్వలేక ఇసుకలో కూలబడింది. కాసేపటికి పిల్ల తల్లి కింద దూరి, మళ్లీ అరవలేదు.

కాఫీ వచ్చింది. ఆ తెగలో కాఫీ బేసి లెక్కన తాగాలి. ఎఫెండీ మూడు గిన్నెలు తాగి, అక్కడే నివేదిక ముగించాడు.

"మాకు చదువు రాదు. ఏం రాశావో నువ్వే చదివి పెట్టు," అన్నాడు కరార్.

ఎఫెండీ గొంతు సవరించుకుని చదివాడు.

"ముఖ్య ఖనిజం: నూట యాభై ఒకటి. విస్తారం. ఏటా ఈనుతుంది. నీరు: విభాగం కిందికి రాదు, కనుక లేదు. మనుషులు: ఎవరి మీదా నంబరు కనబడలేదు, కనుక లేరు. కాఫీ: బాగుంది."