చక్కెర డబ్బా ఎక్కడుంది?

గడియారాలు బాగుచేసే ఆయన ఆ ఉదయం వేసుకున్న పథకంలో తిరుగులేదు. తొమ్మిదిన్నరకల్లా ఇల్లు తుడవడం, తలుపుకున్న అంకెల తాళం నంబరు అతిథి ఫోనుకు పంపడం, పదిన్నరకు భార్యతో సహా బావమరిది ఇంటికి చేరుకోవడం. పదకొండుకు అతిథి వచ్చి మూడు రోజులుండి పోతాడు. ఏడాదిగా ఇదే పద్ధతి. ఆ వీధిలో సగం ఇళ్లదీ అదే పద్ధతి.

యజమాని అదే ఇంట్లో కాపురముంటేనే గదిని రోజుల అద్దెకివ్వాలని నగరపాలక సంస్థ నిబంధన. లేకపోతే లైసెన్సు రద్దు. అందరూ ఫోన్లో టైము చూసుకునే రోజుల్లో ఆయన దుకాణం ఎలాగూ నడవడం లేదు. ఆ లైసెన్సు పోతే సంసారమే ఆగిపోతుంది.

ఆయనకు చీటీల పిచ్చి. దుకాణంలో ప్రతి గడియారానికీ చీటీ కట్టే అలవాటు ఇంటికీ పాకింది. ‘కుళాయి ఎడమకు తిప్పండి’, ‘చక్కెర ఇక్కడ’, ‘ఈ మీట నొక్కకండి’ అంటూ అతిథుల కోసం గోడ కనపడకుండా అంటించాడు.

పావుతక్కువ పదికి బెల్లు మోగింది. తలుపు తీస్తే చంకలో ఫైలుతో ఒకావిడ నిలబడి ఉంది.

"ఈ ఇంట్లో ఎవరుంటున్నారండీ?"

కింద మెట్ల దగ్గర తనిఖీ నోటీసు అంటించి నాలుగు రోజులైంది. భార్య ముందుకు తోసుకొచ్చి, "మేమేనండీ! నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ ఇక్కడే!" అనేసింది. ఆ భవనం కట్టి పన్నెండేళ్లే అయింది.

"నీళ్లు ఎన్నింటికొస్తాయి?"

"వచ్చినప్పుడు... బాగానే వస్తాయండీ" అని ఆయన నీళ్లు నమిలాడు. "ముందు టీ తాగండి."

వంటగదిలో ఆయన ఒక్కో చీటీ చదువుకుంటూ టీపొడి వెతుకుతుంటే, గుమ్మంలో నిలబడి ఆవిడ కూడా అన్నీ చదివింది.

"ఇన్ని చీటీలెందుకండీ?"

"మావారికి మతిమరుపండీ" అంది భార్య.

"నాకా?"

"చూశారా, ఆ సంగతీ మర్చిపోయారు."

అంతలో గోరుచుట్టు మీద రోకటిపోటులా తలుపు తాళం కీచుమంది. చక్రాల పెట్టె లాక్కుంటూ అతిథి గంట ముందే దిగబడ్డాడు. భార్య పరుగున వెళ్లి పెట్టె అందుకుంది.

"పెద్దన్నయ్యా! ఎన్నాళ్లకొచ్చావు! వదినేదీ?"

"నాకింకా పెళ్లి కాలేదండీ" అన్నాడతను కంగారుగా.

"మా అన్నయ్యకు వేళాకోళం ఎక్కువండీ!"

"కూర్చోండి బావగారూ" అని ఆయన కుర్చీ లాగాడు. బావగారు బాత్రూము ఎటని అడిగితే, గోడమీది చీటీ చూసి మరీ దారి చెప్పాడు.

ఫైలావిడ మొహం వాడిపోయింది. "అయితే నిజంగానే కాపురముంటున్నారన్నమాట. ఇక నాకు ఇల్లు దొరకదు."

"ఇల్లా?"

"వీధి చివరి ఆసుపత్రిలో నర్సునండీ. రెండు బస్సులు మారి వస్తున్నా. ఇక్కడ ఇరవై ఏడిళ్లు అడిగా, అన్నీ రోజుల అద్దెకేనట. మీ ఇంట్లో ఎప్పుడూ ముక్కూమొహం తెలియనివాళ్లే కనిపిస్తుంటే, నెల అద్దెకు అడుగుదామని సర్టిఫికెట్లన్నీ పట్టుకొచ్చా." ఆవిడ కళ్లు చెమర్చాయి.

గడియారాలాయనకు ప్రాణం లేచొచ్చింది. పగలబడి నవ్వాడు. "హమ్మయ్య! మీరు ఇన్‌స్పెక్టరు కాదా! మేం అసలిక్కడ ఉండనే ఉండమండీ, మా బావమరిది ఇంట్లో ఉంటాం! ఈయనెవరో కూడా మాకు తెలీదు!"

"చెప్తానుండండి" అని, బావగారు జేబులోంచి గుర్తింపు కార్డు తీశాడు. "తనిఖీకొచ్చిన ఇన్‌స్పెక్టర్ని నేనే, చెల్లెమ్మా."

భార్య పెట్టెను తిరిగి అతనివైపు తోసేసింది. ఆయన మాత్రం తగ్గలేదు. "ఏదో సరదాకన్నానండీ. మేముండేది ఇక్కడే!"

"అయితే చీటీలు చూడకుండా చక్కెర డబ్బా తీయండి. తీస్తే లైసెన్సు మీకే ఉంటుంది."

"ఓస్, ఇంతేనా!" ఆయన వంటగదిలోకెళ్లి గట్టిగా కళ్లు మూసుకుని ధీమాగా ఒక అర తెరిచాడు. ఇస్త్రీపెట్టె. ఇంకోటి తెరిచాడు. కాలిపోయిన బల్బులు. మూడోది తెరవబోతుంటే నర్సుకు జాలేసింది.

"కుళాయి పైన, రెండో అర, ఎడమవైపండీ" అంది, అటు తిరగనైనా తిరగకుండా.

ఇన్‌స్పెక్టరు లైసెన్సు రద్దు చేస్తూ కాగితం రాశాడు. "ఇల్లు తెలిసినావిడకు ఒక గది నెల అద్దెకివ్వండి. దానికి లైసెన్సు అక్కర్లేదు. రెండో గదిలో మీరే ఉండండి, బావగారూ."

నర్సు ఆనందం పట్టలేక భార్య చేతులు పట్టుకుంది. భార్యకూ తెరిపిగానే ఉంది. ఏడాదిగా మరదలి మూతి విరుపులు చూడలేక చస్తోంది మరి.

సాయంత్రం నర్సు సామాను తెచ్చుకుని, గోడమీది చీటీలన్నీ పీకేసింది. చక్కెర చీటీ దగ్గరకొచ్చేసరికి గడియారాలాయన అడ్డుపడ్డాడు.

"అదొక్కటీ ఉండనివ్వండమ్మా. మేం ఇంటికి కొత్త."